అన్న పిడికిలి, అవ్వ ఒట్టు

మా అన్న సాయిలు ఇంటికొస్తే ముందు ముక్కు వస్తుంది, వెనకాల మనిషి వస్తాడు అని మా వీధిలో ఒక మాట ఉంది. పుట్టినప్పుడు ఆ ముక్కు మా అందరి ముక్కుల్లాగే తిన్నగా ఉండేది. ఇప్పుడది నడిమికొచ్చి, కాస్త ఆగి ఆలోచించుకుని, ఎడమ చేతి వైపు తిరిగిపోతుంది. ఈసారి పసుపు తవ్వే కాలానికి అన్న షార్జా నుంచి వచ్చాడు. సూట్‌కేసులు విప్పకముందే వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. నా కూతురు పోయి పక్కన చేరింది. దానికి మొహమాటమంటే తెలియదు, నా పోలికే. వేలు పెట్టి ఆ ముక్కును పైనుంచి కిందికి తడిమి, "మామా, గిది గిట్లెందుకు వంగింది?" అని అడిగింది. "మీ అమ్మమ్మనడుగు, ఆమె ఒప్పుకుంటేనే వంగింది" అన్నాడు అన్న. గడపలో కూర్చున్న మా అవ్వ బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. మా దిక్కు తల్లినే అవ్వ అంటాం. ఆ నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు మళ్లీ నవ్వులోకి ఎక్కి, చివరికి కళ్లు తుడుచుకుంటూ, "నీ నోట్ల మన్నువడ, నేనేడ వంచినరా" అంది.

ఆ కథ చెప్పమంటే ఇద్దరూ సరిగ్గా చెప్పరు. అన్న సగం మింగేస్తాడు, అవ్వ రెండింతలు చేస్తుంది. పిల్లలకు పాఠాలు చెప్పి బతుకుతున్నదాన్ని, మింగకుండా పెంచకుండా చెప్పడం నా వంతని అనుకుని రాస్తున్నాను. కొంచెం పెంచినా మీరు పట్టించుకోకండి, నేనూ ఆమె బిడ్డనే.

అప్పట్లో మేం ఆర్మూర్ బజారు వెనక రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. మా నాయన హమాలీ. నేను చిన్న తరగతుల్లో ఉండగానే జబ్బు చేసి పోయాడు. ఆయన మొహం కన్నా, సాయంత్రం ఆయన విప్పి దండెం మీద వేసిన తువ్వాల వాసనే నాకు బాగా గుర్తు. పసుపు, చెమట, గోనెసంచి కలిసిన వాసన. ఆయన తర్వాత ఇల్లంతా అవ్వ చేతుల మీదే నడిచింది. ఆ చేతులకు ఏడాదిలో రెండు వాసనలు ఉండేవి. వానాకాలం నుంచి చలి దిగేదాకా తంబాకు వాసన. పసుపు తవ్వకాలు మొదలైతే పసుపు వాసన. బీడీలు చుట్టే రోజుల్లో పొద్దున్నే వీధిలో ఆడవాళ్లంతా మా వాకిట్లోకి చాటలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పక్కన తంబాకు, వేలికి చుట్టుకున్న దారం. అవ్వ బీడీ చుట్టేటప్పుడు చేతుల వైపు చూసేదే కాదు. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ మాట్లాడుతుంటే, కింద వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. వంటకు లేచే ముందు బూడిదతో చేతులు రెండుసార్లు తోముకునేది, అయినా అన్నానికి తంబాకు వాసన వచ్చేది. అన్నం అంటేనే అలా ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకసారి దోస్తు ఇంట్లో తిన్నప్పుడు వాళ్ల అన్నానికి ఏ వాసనా లేకపోతే, పాపం వీళ్లకు వండటం రాదేమో అనుకున్నాను.

పసుపు రోజుల్లో అవ్వ చాట అటక మీద పెట్టి వేల్పూర్ దిక్కు చేన్లలోకి కూలికి పోయేది. సెలవులుంటే నేనూ వెంటపడేదాన్ని. తవ్వడం, మన్ను దులపడం, కొమ్ములు విరవడం, పెద్దపెద్ద కడాయిల్లో ఉడకబెట్టడం. ఉడుకుతున్న పసుపు వాసన మీకు తెలుసో లేదో, తడి మట్టీ మందుల కషాయమూ కలిసి గొంతులో కూర్చుంటుంది. ఆ కాలంలో మా ఊళ్లో గోడలు, గోనెసంచులు, ఆటోల సీట్లు, చివరికి బజారు కుక్కలు కూడా కొంచెం పచ్చగా కనిపించేవి. అవ్వ రొట్టెలు చేస్తే వాటి మీద ఆమె వేళ్ల అచ్చులు పచ్చగా పడేవి. అన్న వాటిని చూసి, "సంతకం పెట్టి ఇస్తుంది" అనేవాడు.

అన్న పదో తరగతితో చదువుకు దండం పెట్టి, నాయన మూటలు మోసిన పసుపు అడ్తి దుకాణంలోనే హమాలీగా చేరాడు. భుజాలు నాయనవే వచ్చాయి. కోపం మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. అది ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. ఒకరోజు ఆ దుకాణం గుమాస్తా, పసుపు ఏరుతున్న ఒక ముసలామెను పని మెల్లగా చేస్తోందని భుజం పట్టి తోశాడు. ఆమె పోయి కొమ్ముల రాశి మీద పడింది. అన్న మూట దించి, చెయ్యి దులుపుకుని, ఒకటే గుద్దు గుద్దాడు. గుమాస్తా కూడా అదే రాశి మీద కూర్చున్నాడు. తెల్ల లాల్చీ తెల్ల ధోతి కట్టే మనిషి, పెళ్లికొడుకులా పచ్చగా లేచాడని బజారంతా నవ్వారు. నవ్వు తగ్గాక పంచాయతి అయింది. పెద్దమనుషులు కూర్చుని సర్ది చెప్పారు, కానీ అన్న పని పోయింది.

అవ్వ ఆ రోజు అన్నను తిట్టలేదు. అన్నం పెట్టలేదు కూడా. గోడకు ఆనుకుని కూర్చుని, కొప్పు విప్పి, "నా నెత్తి మీద చెయ్యి పెట్టు" అంది. అన్నకు ఏం జరగబోతోందో అర్థమై, వద్దవ్వా వద్దవ్వా అని వెనక్కి జరిగాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. "మనం మూటలెత్తెటోళ్లం బిడ్డా, చెయ్యెత్తెటోళ్లం కాదు. ఇయ్యాల గుమాస్త, రేపు ఇంకొకడు. నీకేమన్నయితే నాకెవలున్నరు? ఇగ ఎవ్వని మీద చెయ్యెత్తనని ఒట్టెయ్యి." అన్న వేశాడు. తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తల పగులుతుందని మా ఇళ్లల్లో నమ్మకం. చదువుకున్నదాన్ని, నేను నమ్మనని అంటాను కానీ, నా తల మీద ఎవరినీ చెయ్యి పెట్టనివ్వను. అన్న అయితే పూర్తిగా నమ్మాడు. అవ్వ తల అంటే వాడికి ప్రాణం.

పని లేని హమాలీ కొడుకు మా ఊళ్లో ఏం చేస్తాడో అదే చేశాడు, దుబాయి పోయాడు. ఇంటింటికీ ఒకరు పోయిన వీధి మాది. కట్టడాల దగ్గర పైపులు మోసే పని దొరికింది. శుక్రవారం అక్కడ సెలవు, కాబట్టి శుక్రవారం మా వీధికి పండుగ. పక్కింటి నర్సన్న కూడా ఆ ఊళ్లోనే డ్రైవర్. వాళ్లింట్లో ఫోను ఉండేది. అవ్వ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు ఫోను ముందు పొందికగా కూర్చునేది. మాట్లాడుకునేది మాత్రం ప్రతిసారీ ఒకటే. తిన్నవా, తిన్న, ఏం తిన్నవ్, పప్పు, పానం మంచిగుందా, మస్తుగుంది. ఫోను పెట్టేశాక మాత్రం ఆ నాలుగు మాటలనే వారమంతా బీడీలు చుట్టుకుంటూ నలభై రకాలుగా చెప్పుకునేది.

నర్సన్న సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు అసలు గొడవ మొదలైంది. కంబళ్లు, అత్తరు సీసాలు, పాలపొడి డబ్బాలు అన్నీ పంచి, అన్న మాకోసం పంపిన సెల్‌ఫోను నా చేతిలో పెట్టాడు. ఆ ఫోను చూసిన సంతోషంలో నేనుంటే, అవ్వ ఆయన మొహం చూస్తోంది. చాట ఒళ్లో ఉన్నా లేకున్నా ఆమె చూపు అదే.

"మా సాయిలు ఎట్లున్నడు నర్సన్నా?"

"మంచిగనే ఉన్నడు."

"మంచిగనే అంటే?"

నర్సన్నకు అబద్ధం ఆడటం చేతకాదు. నోరు ఆడినా చెవులు ఎర్రబడతాయి. "మొఖం జర ఉబ్బింది. ఒక కన్ను మూసుకపోయింది. అడిగితే జారి పడ్డ అన్నడు."

"గది ఎప్పుడు?"

"మొన్నటి సంగతి. గంతకుముందు ఇంకోపారి పోయినప్పుడు గీ దిక్కు కన్ను."

వాకిట్లో దారాలు ఆగిపోయాయి. మా ఎదురింటి లచ్చవ్వ, వీధిలో అందరికంటే ముందు తీర్పు చెప్పే మనిషి, చాట పక్కన పెట్టింది. "ఒకపారి జారి పడ్డోడు గీ కన్ను మీద, ఇంకోపారి గా కన్ను మీద పడ్తడా? కొలిచి పడ్తడా? గాడి కఫీలు కొడ్తుండు!" కఫీలు అంటే అక్కడ పని ఇచ్చే యజమాని. గల్ఫ్‌లో యజమాని కొట్టాడనీ, గదిలో పెట్టి తాళం వేశాడనీ మా వీధి ఎన్నో వింది. ఇక ఎవరికీ వేరే ఆలోచన రాలేదు. నాకూ రాలేదు. ఇంటర్ చదువుతున్న తెలివిగలదాన్ని, నేనే అందరికంటే ముందు ఏడ్చాను.

మరుసటి రోజు వీధి ఆడవాళ్లంతా అన్నను పంపిన ఏజెంటు ఆఫీసుకు పోయారు. పోతే పోయారు, ఆ రోజు బీడీలు ఎవరు చుడతారు? పని మానితే కార్ఖానాలో ఊరుకోరు. అందుకని చాటలు కూడా పట్టుకుపోయి, ఆఫీసు మెట్ల మీద, గడప మీద, లోపల కుర్చీల మధ్యలో కూర్చుని చుట్టడం మొదలుపెట్టారు. అరుపులు లేవు, కేకలు లేవు. దుబాయి పోదామని వచ్చిన పడుచువాళ్లు ఆ చాటలు దాటలేక బయటే నిలబడ్డారు. తంబాకు ఘాటుకు ఏజెంటు తుమ్మి తుమ్మి, "గా కంపెనీల కొట్టుడు లేదమ్మా, నా మాటిను" అని దండాలు పెట్టాడు. "అయితే మా పోరని కండ్లెట్ల వాసినయో అడుగు" అంది లచ్చవ్వ. సాయంత్రానికి ఆయన అక్కడికి ఫోను చేసి, ఎవరూ కొట్టడం లేదట, పని మంచిగా చేస్తున్నాడట అని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. కానీ ఆ రోజు బీడీలు మాత్రం మామూలు కంటే ఎక్కువే అయ్యాయి.

ఇంటికొచ్చాక అవ్వ పొయ్యి ముందు కూర్చుంది, పొయ్యి అంటించలేదు. "గంగా" అంది నన్ను చూసి. "నా కొడుకుకు ఒకణ్ణి పడగొట్ట చాతగాదా? గంత లావు గుమాస్తను ఒక్క గుద్దుకు కూసోబెట్టిండు. వాడు చాతగాక తింటలేడు దెబ్బలు. నా తల మీద ఒట్టు పెట్టిండని తింటుండు. నా ఒట్టే వాని చేతులు కట్టేసింది." ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. నేనే ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాను. కొడుకు బాగుండాలని వేయించిన ఒట్టే కొడుకును చంపేలా ఉందని ఆమె గుండె పగిలిపోయింది. నాకు ఆ రోజు అవ్వ మీద కలిగినంత ప్రేమ ఇంకెప్పుడూ ఎవరి మీదా కలగలేదు.

ఆ శుక్రవారం మేం వేల్పూర్ దిక్కు చేనులో ఉన్నాం. ఆ వారమే పసుపు తవ్వకాలు మొదలయ్యాయి, నేను కాలేజీ మానేసి అవ్వ వెంట పోయాను. ఫోను నా జాకెట్‌లో మోగింది. చేను నడుమ సిగ్నల్ అందదు, గట్టు ఎక్కితేనే మాట వినిపిస్తుంది. నేను గట్టెక్కి హలో అనేలోగా అవ్వ కూడా ఎక్కింది. "ఆగు, పెట్టెయ్యకు" అంది నాతో. చిన్నపిల్లలు ఆటల్లో వేసుకున్న ఒట్టును తీసి గట్టున పెట్టడం మా అందరికీ తెలుసు. పెద్దవాళ్లు నవ్వులాటకు కూడా అంటారు. కానీ ఒక పెద్దమనిషి, చేను గట్టున, కూలి పని ఆపి, నిజంగా ఆ పని చేయడం నేను చూడటం అదే మొదలు, అదే చివర. అవ్వ కొంగు తీసి, మన్నంటిన పచ్చటి చేత్తో తన తల మీద తడిమి, ఏదో దొరికినట్టు పిడికిలి మూసి, వంగి గట్టు మీద పెట్టింది. గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు పైన ఒక మన్ను పెడ్డ పెట్టింది. అప్పుడు ఫోను తీసుకుంది.

"సాయిలూ, ఇనబడ్తుందారా?"

"ఇనబడ్తుంది అవ్వా."

"ఒట్టు తీసిన. గట్టు మీద పెట్టిన. ఇగ నిన్ను ఎవడు కొడితే వాన్ని తిరిగి కొట్టు."

 నేను అవ్వ చెవి దగ్గర చెవి పెట్టాను. అన్న గొంతు వచ్చింది.

"నిజంగనేనా అవ్వా?"

"నిజంగనే."

"మస్తుమంది కొడ్తున్నరే."

అవ్వ గట్టు మీద కూలబడింది. "అందర్ని కొట్టు" అంది.

అటువైపు అన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాకు తెలియలేదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. వాళ్ల క్యాంపులో ఎదురు గదిలో రొడెల్ అని ఒక ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. ఒకప్పుడు తన దేశంలో బాక్సింగ్ ఆడినవాడు. పని అయ్యాక సాయంత్రాలు ఒక జిమ్‌లో బాక్సర్లకు నేర్పేవాడు. ఒకరోజు అన్న వెంట పోతే, సరదాకు చేతులకు గ్లోవ్స్ తొడిగారు. ఎంత మంది ప్రయత్నించినా అన్నకు దెబ్బ సరిగ్గా తగల్లేదు. పసుపు మూటల మధ్య సందుల్లో భుజాలు తప్పించుకుంటూ పెరిగినవాడు, ఒళ్లు అలా ఒంగేది. కానీ వాడు తిరిగి కొట్టలేదు. ఒట్టు ఉంది కదా. రొడెల్ తెలివైనవాడు, పోటీలకు తయారయ్యే బాక్సర్ల ఎదుట అన్నను నిలబెట్టే పని ఇప్పించాడు. వాళ్లు కొడతారు, వీడు తప్పించుకుంటాడు, తప్పకపోతే తింటాడు. అదీ ఆ కళ్ల కథ. నువ్వు కూడా పోటీకి దిగు, నీ అంత మంచి బాక్సర్ ఇక్కడ లేడు అని రొడెల్ ప్రతి వారం బతిమాలేవాడట. అవ్వ ఒట్టు ఉంది అని అన్న ప్రతి వారం చెప్పేవాడట. రొడెల్ నవ్వలేదట. తనకూ తల్లి ఉంది. శుక్రవారం ఫోను అవ్వగానే, "మీ మదర్ ఏమన్నది?" అని మాత్రం అడిగేవాడట.

అంటే, మా వీధి అంతా కలిసి అనుకున్నది సగానికి సగం నిజమే. కొట్టేది కఫీలు కాదు, అంతే తేడా. అవ్వ అదంతా విని పెద్ద అయోమయంలో పడింది.

"అంటే పగ లేకుంటనే కొట్టుకుంటరా?"

"పగ లేదవ్వా. ఆట గది."

"పగ లేకుంట చెయ్యెట్ల లేస్తదిరా?"

ఆమె మన్ను పెడ్డ వైపు చూసింది. ఒట్టును మళ్లీ తీసుకుని తల మీద పెట్టుకోవాలా అని ఆలోచిస్తోందని నాకు తెలిసింది. ఫోనులో అన్నకూ తెలిసినట్టుంది. వాడి బతుకంతా ఆ పెడ్డ కింద ఉంది. కింద చేనులోంచి లచ్చవ్వ అరిచింది, "గట్టు మీద పెట్టినంక మల్ల ముట్టద్దే, మంచిది కాదు!" అవ్వ చివరికి, "ఒక్కపారి నాకు చూపియ్యి. చూసినంక చెప్త" అంది. చూసి వద్దంటే వద్దు. అన్న ఒప్పుకున్నాడు.

మొదటి పోటీ సీడీ మా ఇంటికి చేరడానికి ఒక మనిషి సెలవు మీద రావాల్సి వచ్చింది. ఇప్పుడైతే అన్న దగ్గర నేర్చుకునే పిల్లల ఆటలు, వాళ్లు రింగు దిగకముందే నా ఫోనులోకి వస్తాయి. వంట చేస్తూ చూసి, వేలుతో పైకి తోసేస్తాను. అప్పుడు అలా కాదు. ఆదివారం మధ్యాహ్నం టెంటుహౌస్ నుంచి సీడీ ప్లేయర్ తెచ్చాం. వీధంతా మా ఇంట్లో, ఇల్లు పట్టనివాళ్లు కిటికీ దగ్గర. ఒళ్లో చాటలు సరేసరి. తెర మీద ఏదో హోటల్ హాలు, దీపాలు, మనకు తెలియని భాషలో కేకలు. అన్న నడిచి వచ్చాడు, పసుపుపచ్చ లాగు వేసుకుని. "మన రంగే ఏస్కున్నడు" అని అవ్వ మురిసింది. ఎదుటివాడు వీడికంటే పొడుగు. గంట మోగింది. పొడుగువాడు కొట్టడం మొదలుపెట్టాడు. అన్న తప్పించుకుంటున్నాడు, తప్పించుకుంటున్నాడు, చేతులు మొహం ముందు నుంచి కదలడమే లేదు. అలవాటు పడిపోయిన చేతులు. ఒక దెబ్బ తగిలింది, ఇంకోటి తగిలింది. మూలన నిలబడ్డ బక్కపలచని మనిషి, రొడెల్ కాబోలు, తల పట్టుకున్నాడు. అవ్వ లేచి టీవీకి అడ్డంగా నిలబడి, ఎవరికీ ఏమీ కనిపించకుండా చేసి, తెరను పట్టుకుని, "ఒట్టు తీసినగదరా! తీసినగదరా నీ తల్లి!" అని కేక పెట్టింది. అది ఎప్పుడో అయిపోయిన ఆట అని ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆమె పక్కకు జరిగేసరికి అన్న కుడి చెయ్యి కదిలింది. పొడుగువాడు కింద ఉన్నాడు. మా ఇల్లు లేచిపోయింది. చాటలు ఎగిరాయి, తునికాకు, తంబాకు ఇల్లంతా. నర్సన్న భార్య నన్ను ఎత్తి తిప్పింది. నేను నా జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు.

అవ్వ ఒక్కతే అరవలేదు. తెర దగ్గరికి వంగి, "గా పిల్లగాడు లేస్తలేడేంది?" అంది. సరిగ్గా అక్కడే సీడీ ఇరుక్కుంది. తెర గళ్లు గళ్లుగా అయి ఆగిపోయింది. తీసి తుడిచి, కొంగుతో రుద్ది, మళ్లీ పెట్టినా అక్కడికొచ్చి ఆగుతోంది. ఆ పిల్లవాడు అలాగే పడి ఉన్నాడు. ఆ వారమంతా వీధి గెలుపు సంబరంలో ఉంటే, అవ్వ అన్నం సరిగ్గా తినలేదు. శుక్రవారం ఫోను మోగగానే నా చేతిలోంచి లాక్కుంది. తిన్నవా లేదు, పానం లేదు.

"గా పిల్లగాడు లేచిండా?"

"ఎవలు? ఓ, వాడా! గప్పుడే లేచిండు అవ్వా. ఆట అయినంక నాతోనే బిర్యాని తిన్నడు."

"కింద పడ్డంక మల్ల కొట్టినవా?"

"లేదవ్వా, కొట్టద్దు. కింద పడ్డోన్ని కొడితే మనల్నే బయటికి పంపుతరు. గది రూలు."

"రూలా?" అవ్వ నా వైపు చూసింది, నర్సన్న భార్య వైపు చూసింది. "మన బజార్ల గూడ లేదు గసొంటి రూలు. మంచోళ్ల ఆటనే. ఆడుకో బిడ్డా."

ఆ తర్వాత అన్న బతుకు బాటలో పడింది. జిమ్ వాళ్లే వీసా మార్పించుకున్నారు, పైపులు మోసే పని పోయింది. రొడెల్ వెంట మనామాలో ఆడాడు, మనీలాలో ఆడాడు. బ్యాంకాక్‌లో ముక్కు ఇచ్చి గెలుపు తెచ్చుకున్నాడు. కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు. ఇంటికొచ్చినప్పుడు అంకాపూర్ నాటుకోడి కూర గిన్నె ఖాళీ చేసి, నిద్రపోయి, లేచి మళ్లీ తినేవాడు. మంగలి దుకాణంలో వాడి ఫోటో వేలాడేది. ఒకసారి ఆ పాత గుమాస్తా పండ్ల సంచి పట్టుకుని చూడటానికి వచ్చాడు. "నీ మొదటి మ్యాచ్ నాతోనే గదా సాయిలు, నాకు గంత పేరన్న వస్తదని వచ్చిన" అన్నాడు. ఇద్దరూ కావలించుకుని నవ్వారు. అవ్వ చాయ్ పోసింది.

ఆ రోజులు ఇప్పుడు లేవు. పసుపు ఆవిరి మిషన్లలో ఉడుకుతోంది, వాసన ఊళ్లోకి రావడం తగ్గింది. మా వాకిట్లో చాటలు లేవు. లచ్చవ్వ లేదు. ఆ కాలమే బాగుండేదని నేను అనను, దెబ్బలు తిన్నవాళ్లకు, తంబాకుకు దగ్గినవాళ్లకు అది తెలుసు. కానీ ఒక మనిషి గెలుపుకు వీధంతా తంబాకు పారబోసుకోవడం మాత్రం మళ్లీ చూడలేదు. నా కూతురికి మామ పాత ఆటలు ఫోనులో చూపించాను. గెలిచాడా ఓడాడా అని అడిగింది. అందరూ అడిగేది అదే. అవ్వ మాత్రం అన్న ఆడినన్నాళ్లూ ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు. ప్రతి పోటీ తర్వాత ఆమె మొదటి ప్రశ్న ఒకటే, గా పిల్లగాడు లేచిండా?

అన్న చివరి పోటీ సీడీ మాకు రాలేదు. ఆ శుక్రవారం ఫోను ఆలస్యంగా వచ్చింది, గొంతు తగ్గి వచ్చింది. అవ్వ ఎప్పటిలాగే అడిగింది. 

"ఈపారి కింద పడ్డది నేను అవ్వా. ఇగ చాలు, ఆడను. పిల్లలకు నేర్పుతా."

నేను ఆమె మొహం వైపు చూడలేకపోయాను. అవ్వ మాత్రం తొణకలేదు.

"కింద పడ్డంక వాడు నిన్ను కొట్టిండా?"

"లేదవ్వా. చెయ్యిచ్చి లేపిండు."

"ఏ తల్లి కన్నదో" అంది అవ్వ. "సల్లగుండాలె."

ఆ సాయంత్రం ఆమె దేవుని గూట్లో దీపం పెట్టి, ఎప్పటిలాగే మా ఇద్దరి పేర్లూ చెప్పుకుంది. తర్వాత ఇంకొకరి పేరు కూడా చెప్పుకోబోయింది. ఆ మూడో పేరు ఆమెకు తెలియదు. అందుకని, "మా సాయిలును లేపిన పిల్లగాడు" అంది.